అడుగున అతికించిన కాగితం

అనగనగా మాదాపూర్‌లో ఒక అమ్మాయి. శుభలేఖలు డిజైన్ చేయడం ఆమె పని. ఈ కథలో రాజుగారూ ఏడుగురు కొడుకులూ లేరు గానీ బంగారం మాత్రం బోలెడంత ఉంది. ఆమెకి పేరు తెచ్చింది ఆ బంగారమే. కలంకారీ తీగలు, పురివిప్పిన నెమళ్లు, మామిడి తోరణాలు, వెంట్రుక మందాన అక్షరాలు, అన్నీ గోల్డ్ ఫాయిల్‌లో తళతళలాడేవి. కంప్యూటర్లో గీసేది, ఫైలు మెయిల్లో పంపేది. వారం తిరిగేసరికి అట్టపెట్టెలు ఆటోలో దిగేవి. మూడేళ్లలో పెట్టె విప్పి పెదవి విరవాల్సిన రోజు ఒక్కటీ రాలేదు. ఫాయిల్ అంటే ఏమిటని అడిగితే, ఫైల్లో నల్లరంగు నూరు శాతం నింపిన ఒక లేయరు అని చెప్పేది. ఆమెకి తెలిసినంతవరకూ అంతే మరి.

ఆ పెట్టెలు వచ్చేది ఛత్తా బజారు నుంచి. పాతబస్తీలో, పురానీ హవేలీకి దగ్గర్లో, పెళ్లి కార్డుల దుకాణాలు భుజాలు రాసుకుంటూ నిలబడ్డ చోటు అది. ఒకప్పుడు ఆ గదుల్లో కాతిబ్‌లు కూర్చుని రెల్లు కలాలతో ఉర్దూ అక్షరాలు చేత్తో రాసేవారు. 1994లో ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆ కలాలు చాలావరకు మూల చేరాయి. యంత్రాలు మాత్రం మిగిలాయి. అలాంటి ఒక గదిలో పాత ట్రెడిల్ మెషీన్ మీద ఫాయిల్ వేసే పెద్దాయన్ని బజారంతా చాచా అంటుంది. చాచా తండ్రి వరఖ్ కొట్టేవాడట, అదే, మిఠాయిల మీద అతికే వెండి రేకు. తోలు పుటల మధ్య వెండి ముక్క పెట్టి, ఊదితే ఎగిరిపోయేంత పల్చనయ్యేదాకా సుత్తితో గంటలకొద్దీ కొట్టే పని. కొడుకు సుత్తి వదిలేశాడు, మెరుపుని వదల్లేదు.

ఒక మాఘమాసం, ముహూర్తాల రద్దీలో, చాచా కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. మెషీన్ మేనల్లుడి చేతికొచ్చింది. అదే వారంలో అమ్మాయి ఫైలు ఒకటి వెళ్లింది. అరచేతి వెడల్పు నెమలి, ఒంటినిండా గట్టి బంగారం. దాని చుట్టూ సాలెగూడు లాంటి తీగలు. కింద సన్నటి అక్షరాల్లో పెళ్లికూతురి పేరు సుధ. కార్డు నాలుగంచులా ఒక బంగారు గీత. ఆరు వందల కార్డులు.

పెట్టె విప్పగానే గుండె జారింది. నెమలి కడుపులో మశూచి మచ్చల్లా తెల్లటి పొక్కులు. తీగలు ఒకదానికొకటి అతుక్కుని ముద్దయిపోయాయి. అంచు గీత ముందే వేసిన కుంకుమరంగు పట్టీ మీదికి ఒకవైపు ఎక్కింది. అన్నిటికన్నా ఘోరం, ధ కింద ఉండాల్సిన చిన్న నిలువుగీత ఎక్కడా పడలేదు. ఆరు వందల కార్డుల మీద పెళ్లికూతురు ‘సుద’.

కార్డులు పంచడానికి పెళ్లివారి దగ్గర మిగిలింది ఎనిమిది రోజులు. అమ్మాయి క్యాబెక్కి, జీవితంలో మొదటిసారి ఛత్తా బజారుకి వెళ్లింది, తిట్టడానికి.

మేనల్లుడికి ఇరవై ఏళ్లుంటాయేమో. ఆమె అరుపులన్నీ అయ్యేదాకా నిలబడి, నెమ్మదిగా ఒక్క మాటన్నాడు.

“మీరు పంపినట్టే వేసిన అక్కా. ఒక్క గీత గూడ మార్చలే.”

ఆ మాట ఆమెకి పొగరులా వినిపించింది. ‘చాచా ఉంటే ఇలా అయ్యేది కాదు’ అంది. కుర్రాడు ఒప్పుకున్నాడు. ‘అవునక్కా, కాకపోవు’ అన్నాడు. ఇంకేమనాలో తోచక ఆమె ఒక స్టూలు లాక్కుని కూర్చుంది. అలా కూర్చున్నది మూడు రోజులు లేవలేదు.

మొదటి రోజు తెలిసింది, గోల్డ్ ఫాయిల్‌లో బంగారం చిటికెడు కూడా లేదని. అడుగున 12 మైక్రాన్ల పాలియెస్టర్ ఫిల్మ్. దానిమీద వేడికి వదిలే మైనం లాంటి పొర, దానిమీద పసుప్పచ్చని లాకరు, ఆపైన ఆవిరి చేసి పట్టించిన అల్యూమినియం, చివర జిగురు. అల్యూమినియం తెలుపు పసుపు లాకరులోంచి కనిపిస్తే మన కంటికది బంగారం. వేడెక్కిన బ్లాకు, అంటే డిజైన్ చెక్కిన లోహపు అచ్చు, నొక్కిన చోట మైనం వదలాలి, జిగురు పట్టుకోవాలి, రెండూ ఒక్క దెబ్బలో జరగాలి. వేడి చాలకపోతే బంగారం ఫిల్మ్‌ని వదిలి రాదు. ఎక్కువైతే అవసరం లేని చోట కూడా వదిలేసి, గీతల మధ్య జాగాలోకి ఒలికి కూర్చుంటుంది.

కుర్రాడు హీటరు 110 దగ్గర పెట్టాడు. తీగలు దారపుపోగుల్లా విడివిడిగా పడ్డాయి, నెమలి మాత్రం బొబ్బలెక్కింది. 130కి పెంచాడు. నెమలి కాస్త నిండింది, తీగలు ముద్దయ్యాయి. ఒత్తిడి పెంచాడు. నెమలి నడుమ చిక్కుకున్న గాలి ఎటూ పోలేక అక్కడే పొక్కింది, తీగలు కాగితంలోకి దిగబడి అంచులు చీరాయి. నెమలికి కావలసింది తీగకి విషం. రెండిటినీ ఒకే బ్లాకు మీద పక్కపక్కన కూర్చోబెట్టింది ఆమే. తెరమీద అవి రెండూ ఎంతో సఖ్యంగా కనిపించాయి. తెరకి వేడి లేదు, బరువు లేదు, అక్కడ దేనితోనైనా దేనికైనా కాపురం కుదురుతుంది.

అంచు గీత సంగతి రెండో రోజు తేలింది. జింకు బ్లాకు వేడెక్కితే సాగుతుంది. ఏడంగుళాల పొడవున్నది నూరు డిగ్రీలు వేడెక్కేసరికి సుమారు అర మిల్లీమీటరు పెరుగుతుంది. ఫైల్లో ఆమె కుంకుమ పట్టీకీ బంగారు గీతకీ మధ్య వదిలిన జాగా అంతకన్నా తక్కువ. పైగా ఆ గీత మందం ఎంతైనా కార్డు మొత్తం మీద ఫాయిల్ పరవాల్సిందే. నాలుగు దారాల కోసం కార్డంత ఫాయిల్ చుట్టలోకి వ్యర్థంగా పోతుంది. ఆ గీతకి ఎంత ఖర్చవుతుందో మూడేళ్లలో ఆమె అడగలేదు. చాచా బిల్లులో ఎప్పుడూ వేయలేదు.

సాయంత్రం కుర్రాడు ఆమెని మెషీన్ ముందు నిలబెట్టాడు. ట్రెడిల్ మీద మొదట నేర్పేది కాగితం పెట్టడం కాదు, చేయి వెనక్కి తీయడం. పలకలు నోరులా తెరుచుకుంటాయి, కాగితం పెట్టి, వేసినది తీసి, అవి మూసుకునేలోగా వేళ్లు బయటికి వచ్చేయాలి. మోటారు ఎవరికోసమూ ఆగదు. పది కార్డులకి చొక్కా తడిసింది. యాభయ్యో కార్డుకి చేతికి లయ దొరికింది. వందో కార్డుకి ఒక వింత గమనించింది: కార్డు చూడకుండానే, పలక మూసుకునే చప్పుడు బట్టి, దెబ్బ సరిగ్గా పడిందో లేదో తెలుస్తోంది.

“కార్డు కాదక్కా, వేస్టు రోల్ చూడు” అన్నాడు కుర్రాడు.

వాడేసిన ఫాయిల్ అవతలి వైపు చుట్టుకుంటోంది. దాన్ని లైటుకి పట్టి చూస్తే, బంగారం వెళ్లిపోయిన చోటల్లా కిటికీ తెరిచినట్టు ఖాళీ. నెమలి ఆకారంలో ఒక రంధ్రం. తీగల ఆకారంలో సన్నటి చీలికలు. ‘సుధ’ ఉండాల్సిన చోట సు తెరుచుకుంది, ధ శరీరం తెరుచుకుంది. కింది గీత తెరుచుకోలేదు. ఆ బంగారం ఫిల్మ్ మీదే ఉండిపోయింది. బ్లాకుని భూతద్దంలో చూస్తే కారణం తెలిసింది. అర పాయింటుకన్నా సన్నగా ఉన్న ఆ గీత యాసిడ్‌లోనే సగం కరిగిపోయి, మిగతా అక్షరం కన్నా కిందికి దిగిపోయింది. కాగితాన్ని తాకనే లేదు.

మూడో రోజు తిట్టడానికి ఆమెలో ఓపిక లేదు, కుతూహలమొక్కటే మిగిలింది. “మరి చాచా ఎలా వేసేవాడు?” అని అడిగింది.

కుర్రాడు మెషీన్ కింది సొరుగు లాగాడు. అందులో బాండు కాగితాల దొంతర. ఒక్కొక్కటి ఒక్కో పనికి పలక మీద, కార్డు కింద వేసిన ప్యాకింగు. ప్రతి దానిమీదా పెన్సిలుతో తేదీ, పెళ్లివారి ఇంటిపేరు. ఆమె డిజైన్లే, మూడేళ్లవి. ఒక కాగితం లైటుకి పట్టి చూసింది. దానిమీద గోరంత, గోరులో సగమంత టిష్యూ ముక్కలు మైదాతో అతికించి ఉన్నాయి. గట్టి బంగారం పడే చోట నడుమ ఒక పొర, దానిమీద చిన్నది ఇంకో పొర, దానిమీద ఇంకోటి, గుట్టలా. తీగలు పడే చోట బాండునే బ్లేడుతో చెక్కి పల్చన చేశాడు. అక్షరం ఆనని చోట ఈగ రెక్కంత ముక్క. సొరుగు మూల ఒక క్లిప్పుకి పక్క డీటీపీ షాపు చీటీలు: ‘గీత లావు చేయుట – 20’, ‘గీత లావు చేయుట – 20’.

ఒక్కో కాగితం తిరగేస్తూ పోయింది. అవి తన తప్పుల పటాలు. ఎక్కడెక్కడ తెలియక గీసిందో అక్కడక్కడల్లా ఒక ముక్క. ఆమెకి ఒకసారి బహుమతి కూడా తెచ్చిన డిజైన్ కింద అన్నిటికన్నా ఎక్కువ ముక్కలున్నాయి.

నాలుగో రోజు చాచా నల్లకళ్లద్దాలు పెట్టుకుని, డాక్టరు వద్దన్నా, దుకాణానికి వచ్చాడు. ఆమె కాగితాల దొంతర ముందు పెట్టి అడిగింది.

“నాకెందుకు చెప్పలేదు చాచా?”

“ఏం చెప్పాలె బేటీ? మీరు పంపుడు, మేం వేసుడు. చెప్తే మీరు ఇంకో దుకాణానికి పోతరు.” కాసేపాగి, “ఎవ్వరు అడుగలే గూడ” అన్నాడు.

‘సుద’ కార్డు చేతికిస్తే ముక్కుకి ఆనించుకుని చూశాడు. తెలుగు చదవడం చాచాకి రాదు. కానీ చాలా కార్డులు వేసిన కంటికి లోటు తెలుస్తుంది. “మా ఉర్దూల గూడ గిదే కత” అన్నాడు. “చుక్క పైన పెడితే ఖుదా, కింద పెడితే జుదా. పెళ్లి కార్డు మీద జుదా రావద్దు కదా.” జుదా అంటే ఎడబాటు. ఆమె థ రాసి చూపించింది, కడుపులో చుక్క రాలితే ధ అయింది, కింద గీత రాలితే ద అయింది. చాచా ముచ్చటపడి కుర్రాణ్ని పిలిచి మళ్లీ రాయించాడు.

తర్వాత కథ త్వరగా అయిపోతుంది. ఆమె అక్కడే లాప్‌టాప్ తెరిచి ఫైలు దిద్దింది. నెమలి ఒంట్లో ఈకల మధ్య సన్నటి ఖాళీలు వదిలింది, గాలికి దారి దొరికింది. తీగల మధ్య ఒక పాయింటు జాగా ఇచ్చి, సగం తీగలు తీసేసింది. అంచు గీత కొట్టేసింది. అక్షరాన్ని ఒక వరస లావు చేసి, ధ కింది గీతని మాత్రం చేత్తో విడిగా గీసింది. కొత్త బ్లాకు వచ్చింది, కార్డులు పడ్డాయి, గడువుకి అందాయి. పెళ్లికూతురి తల్లి పెట్టె విప్పి, “ముందు చూపించినదాన్లో నెమలి ఇంకా నిండుగా ఉంది కదమ్మా” అంది. అమ్మాయి నవ్వి ఊరుకుంది.

నీతి

ఈ కథ చెప్పినప్పుడల్లా వినేవాళ్లు ఒక నీతి చేతిలో సిద్ధంగా పట్టుకుని ఉంటారు: చేతిపని గొప్పది, కంప్యూటర్ మాయ. నాకు అది రుచించదు. అమ్మాయి కంప్యూటర్ పారేయలేదు. చివరికి దిద్దింది దానిమీదే. చేతిపనికి దణ్ణం పెట్టి ఇంటికెళ్లిపోయేవాళ్లు ఛత్తా బజారుకి చాలామందే వస్తారు, ఫొటోలు కూడా తీసుకుంటారు. చాచాకి దానివల్ల టిష్యూ ముక్క ఒక్కటీ తగ్గలేదు.

రెండో నీతి, కుర్రాడు తప్పు చేశాడని. అదీ కాదు. నా లెక్కలో ఈ కథకి గురువు ఆ కుర్రాడే. చాచా అంత నేర్పు అతనికి లేదు కాబట్టి, ఫైల్లో ఏముందో అదే కార్డుమీదికి వచ్చింది. తన డిజైన్ నిజంగా ఎలా ఉంటుందో ఆమె చూడటం ఆ రోజే మొదలు. అంతకుముందు మూడేళ్లూ ఆమె చూసింది చాచా డిజైన్.

అసలు చిక్కు ఇక్కడుంది. నేర్పరి అయినవాడు పక్కనుంటే మన తప్పు మనదాకా రాదు. మధ్యలోనే ఒక చేయి దాన్ని అందుకుని, చడీచప్పుడు లేకుండా చక్కదిద్ది, పైన మెరుపొక్కటే పంపిస్తుంది. మనకి మెప్పు వస్తుంది, బహుమతి వస్తుంది, తెలివి రాదు. నా మాటే చెప్తాను. రాయడం మొదలుపెట్టిన రోజుల్లో నా వాక్యాలు పత్రికలో చదువుకుని మురిసిపోయేవాణ్ని. చాలా ఏళ్ల తర్వాత ఒక పాత చేతిప్రతి, అచ్చయిన పేజీ పక్కపక్కన పెట్టుకుంటే, నాకు బాగా నచ్చిన రెండు వాక్యాలూ నావి కావు. ఎవరో సబ్ ఎడిటర్ రాత్రి షిఫ్టులో, టీ తాగుతూ, నా ముద్దలో గాలి పోవడానికి దారి చేసి ఉంటాడు. ఎవరో నాకిప్పటికీ తెలియదు.

చాచానీ పూర్తిగా వదిలిపెట్టలేను. ఇరవై రూపాయలు తన జేబులోంచి పెట్టి గీత లావు చేయించిన మనిషి, ఒక్క ఫోను చేసి ఉంటే మూడేళ్ల పటాలు సొరుగులో పేరుకునేవి కావు. భయం ఉంది, నిజమే. తెర ముందు కూర్చున్నవాళ్లు మెషీన్ ముందు నిలబడ్డవాడి మాట వినే అలవాటు మనకి తక్కువ, అదీ నిజమే. అయినా మౌనంగా సర్దేయడంలో దయతో పాటు కొంచెం అహం కూడా ఉంటుందని నా అనుమానం. ‘నేను లేకపోతే తెలుస్తుంది’ అనే మాట పైకి అననక్కర్లేదు, సొరుగు చాలు. మన ఇళ్లలో అమ్మలకీ అమ్మమ్మలకీ ఇలాంటి సొరుగులుంటాయి.

ఇక ఆ అమ్మాయి. ఇప్పుడు ప్రతి పనికీ కార్డుతో పాటు ప్యాకింగు కాగితం కూడా పంపమని అడుగుతుందట. పెట్టె పైన కార్డులు, అడుగున ఆ బాండు షీటు. ముక్కలు తగ్గాయి గానీ పోలేదు. పోవు కూడా, కాగితం ప్రతిసారీ కొత్తగా అలుగుతుంది. వెల్వెట్ లామినేషన్ ఫాయిల్‌ని ఒక్కోసారి దగ్గరికి రానీయదు, చేతి కాగితం పీచు గీతని మధ్యలో విరిచేస్తుంది. మొన్న ఒక షీటు మీద టిష్యూ ముక్క పక్కన చాచా పెన్సిలుతో బాణం గుర్తు పెట్టి పంపాడు, ఇదివరకెప్పుడూ లేనిది.

నాకూ ఒక అలవాటు అంటుకుంది. శుభలేఖ వస్తే ముహూర్తం చూడకముందే కార్డుని వెనక్కి తిప్పి వేలితో తడుముతాను. ఇంట్లోవాళ్లు నవ్వుతారు. మొన్న వచ్చినదాన్లో పెళ్లికూతురు రాధ. ధ కింద గీత నిటారుగా, పదునుగా పడింది. వెనకవైపు సరిగ్గా ఆ చోట, వేలికి తగిలీ తగలనంత ఉబ్బు.